గోడమీద నిలిచెడి బొమ్మ

నేటి నా ప్రసంగము ఫోటోను కాగితముమీద అచ్చువేయు విద్యను గూర్చినది. ఇది మనబోటి వృద్ధులకు పనికివచ్చు విషయమా యని మీలో కొందరు అనుకొనవచ్చును. కావున ఈ ప్రసంగమునకు కారణమైన సంగతిని ముందుగా మనవి చేసికొందును.

మా చెల్లెలి మనుమడొకడు మండల కేంద్రమున చిన్న ఫోటో స్టూడియో పెట్టదలచెను. కెమేరా కొనెను, గది అద్దెకు తీసికొనెను, బ్యాంకువారు అప్పు నిచ్చుటకు ఒప్పుకొనిరి. ఇక మిగిలినది బొమ్మలను అచ్చువేయు ప్రింటరు. ఒక దుకాణదారుడు ఒక యంత్రమును పొగడెను, రెండవవాడు దానిని దూషించి వేరొకదానిని పొగడెను. కుఱ్ఱవాడు విసిగి నాయొద్దకు వచ్చి, "తాతయ్యా! ఏ ప్రింటరు కొంటే నమ్మకంగా ఉంటుంది?" అని యడిగెను.

నాకు యంత్రముల సంగతి అంతగా తెలియదు. కాని నేను వానిని మా నడవలోనికి తీసికొనిపోయి గోడమీది రెండు పటములను చూపితిని. ఒకటి మా తాతగారిది; 1936లో తీయించినది. ఆయన ఉత్తరీయపు మడతలును, నొసటి విభూతి రేకలును నేటికిని స్పష్టముగా నున్నవి. రెండవది నా పెండ్లినాటి రంగుల ఫోటో; 1978 నాటిది. అందు ముఖములన్నియు ఇటుకపొడి చల్లినట్లు ఎఱ్ఱబడినవి. నా భార్య కట్టుకొనిన చీర యే రంగుదో దానిని చూచి యెవరును చెప్పలేరు. ఆమె యిప్పుడు లేదు. ఆ చీర ఆకుపచ్చనిదని నాకు తెలియును. నా తరువాత ఆ సంగతి చెప్పువారు ఉండరు.

42 ఏండ్లు పెద్దదైన బొమ్మ నిలిచినది, చిన్నది చెడినది. ఇందులకు కారణము తెలిసినచో, ఏ యంత్రమును నమ్మవలెనో కొంతవరకు తెలియునని వానితో చెప్పితిని. ఆ కారణమును వెదకుచు నేను చదివి తెలిసికొనిన చరిత్రనే యిప్పుడు మీకు వినిపింపబోవుచున్నాను.

ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839వ సంవత్సరమున. ఫ్రాన్సు దేశీయుడగు డాగేర్ కనుగొనిన పద్ధతిలో వెండి పూత గల రాగి రేకుమీద బొమ్మ పడుచుండెను. అది మిక్కిలి సొగసైనది, కాని ఒక్కటియే. దానికి నకలు లేదు. ఇంగ్లండులో టాల్బట్ అను పండితుడు కాగితముమీద తలక్రిందైన ఛాయను, అనగా వెలుగున్నచోట నలుపును నలుపున్నచోట తెలుపును గల నెగెటివును తయారుచేసి, దానినుండి ఎన్ని బొమ్మలనైనను తీయు మార్గమును కనిపెట్టెను. ఒక మూలమునుండి పెక్కు ప్రతులు తీయుట అనగా అచ్చువేయుటయే. నేటి ఫోటో వ్యాపారమంతయు ఆ మార్గముననే నడచుచున్నది.

ఇందు ఒక చిక్కు కలదు. కాగితమునకు పట్టించిన వెండి లవణము వెలుగు తగిలినంతనే నల్లబడును. బొమ్మ పడిన పిమ్మట మిగిలిన లవణమును తీసివేయనిచో, కాగితమంతయు నల్లబడి బొమ్మ మాయమగును. దానిని కరగించు మందును హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు 1819లోనే కనుగొనియుండెను. మన స్టూడియోలవారు 'హైపో' అని పిలిచిన మందు అదియే. అయితే ఆ హైపో కాగితములో మిగిలిపోయినను కీడే. అందలి గంధకము మెల్లమెల్లగా వెండిని తిని బొమ్మను పసుపుపచ్చగా మార్చి వెలవెలబోవునట్లు చేయును. రోగమును కుదిర్చిన మందును గూడ ఒంటినుండి వెడలింపవలసియుండును గదా! ఆ వెడలించు పని నీటిది. కావున బొమ్మను చాలసేపు, మంచి నీటిలో, మాటిమాటికి నీరు మార్చుచు కడుగవలెను.

ఈ కడుగుటలోని లోపమే మొట్టమొదటి ఫోటో ముద్రణ వ్యాపారమును దెబ్బతీసెను. లండనుకు పడమట రెడింగు అను పట్టణము కలదు. టాల్బట్ కడ పరిచారకుడుగా నుండి ఈ విద్య నేర్చుకొనిన హెన్నెమన్ అను డచ్చి జాతీయుడు అచ్చట 1844లో ఒక ముద్రణశాలను నెలకొల్పెను. ఎండలో పెట్టి బొమ్మలను అచ్చువేయుదురు గనుక మబ్బు పట్టిన దినమున పని నిలిచిపోవును. టాల్బట్ 1844 మొదలు 1846 వరకు భాగములుగా ప్రకటించిన 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' అను గ్రంథమునకు 24 చిత్రములు ఉన్నవి. ఆ చిత్రముల ప్రతులు రెడింగులోనే తయారైనవి. 1846లో ఒక కళాపత్రిక తన చందాదారులకు ఒక్కొక్క ఫోటో చొప్పున పంచదలచి వేలకొలది బొమ్మలను ఒక్కసారిగా కావలెనని కోరెను. అంతటి సంఖ్యను తొందరలో తీయవలసివచ్చినందున కడుగుట సరిగా జరుగలేదు; వాడి వాడి బలము తగ్గిన హైపోనే మరల వాడుటయు జరిగెను. పత్రిక చేతికందిన కొలదికాలమునకే బొమ్మలు వెలవెలబోవ నారంభించెను. ఫోటో అనునది నిలువని వస్తువన్న అపకీర్తి దేశమంతట వ్యాపించెను. 1847 నాటికి రెడింగు ముద్రణశాల మూతపడెను.

ఆ హెన్నెమన్ మోసగాడు కాడు. పని యెఱిగినవాడే. కాని కొనువాని కంటికి చక్కగా కడిగిన బొమ్మయు, సగము కడిగిన బొమ్మయు మొదటిదినమున ఒక్కతీరుననే కనబడును. ఫోటో ముద్రణలోని ప్రమాదమంతయు ఈ ఒక్క మాటలో నున్నది. బియ్యములో రాళ్లున్నచో చేటలోనే తెలియును. బొమ్మలోని లోపము పదియేండ్లకు గాని బయటపడదు.

1855లో లండను ఫోటోగ్రాఫిక్ సంఘమువారు బొమ్మలు చెడుటకు కారణములను విచారించుటకు ఒక ఉపసంఘమును నియమించిరి. విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు రాజకుమారుడు ఖర్చులకై 50 పౌనుల నిచ్చెను. మిగిలిపోయిన హైపో మొదటి శత్రువనియు, తేమయు, బొగ్గుపొగతో చెడిన పట్టణపు గాలియు, అట్టకు అంటించు జిగురును తక్కిన శత్రువులనియు, బంగారపు ద్రావణములో ముంచిన బొమ్మలు ఎక్కువకాలము మన్నుననియు ఆ సంఘము తేల్చెను. బొమ్మ యేల చెడునన్న ప్రశ్నను శాస్త్రముగా పరిశీలించిన తొలి ప్రయత్నములలో ఇది ముఖ్యమైనది.

ఇక మన తెలుగుదేశమునకు సంబంధించిన సంగతి. గుంటూరు సీమలోని అమరావతి స్తూపపు శిలలను సర్ వాల్టర్ ఎలియట్ 1845లో త్రవ్వించి మద్రాసుకు పంపెను. మద్రాసు ప్రభుత్వపు ఫోటోగ్రాఫరుగా నియమింపబడిన కాప్టెను లినియస్ ట్రైప్ 1858లో ఆ శిల్పములకు ఛాయాచిత్రములు తీసెను. మరుసటి ఏట, అనగా 1859లో, అందు నూటికి మించిన శిలలు ఓడనెక్కి లండనుకు పోయినవి. అవి మద్రాసులో నుండినప్పటి రూపమును నేటి పండితులు తెలిసికొనగలుగుట ఆ బొమ్మల మూలముననే. అదే 1859లో మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్, ఈ పని ఖర్చుతో కూడిన విలాసమని తలచి మాన్పించెను. ఆనాడు మిగిలిన రూకలు ఏమైనవో యెవరికిని తెలియదు. బొమ్మలు మాత్రము నిలిచియున్నవి.

అప్పటికే క్రొత్త కాగితమొకటి వాడుకలోనికి వచ్చెను. 1850లో ఫ్రెంచి దేశీయుడగు బ్లాంకార్-ఎవ్రార్ కోడిగ్రుడ్డు తెల్లసొనను కాగితమునకు పూసి, దానిపై వెండి లవణమును పట్టించు పద్ధతిని ప్రకటించెను. బొమ్మకు నునుపును మెఱుగును వచ్చెను. జర్మనీలోని డ్రెస్డెను నగరము ఈ కాగితమునకు పెట్టినది పేరు. అచ్చటి కంపెనీ యొకటి 1888వ సంవత్సరములోనే 60 లక్షలకు పైగా గ్రుడ్లను ఈ పనికై పగులగొట్టెను. ఆ కాగితముమీది బొమ్మలు కాలక్రమమున పసుపుపచ్చబారు స్వభావము గలవి. పాత జమీందారీ యిండ్లలో గోధుమవన్నె పటములను మీలో కొందరు చూచియుందురు. వానిలో పెక్కు గ్రుడ్డుసొన కాగితముమీదివే.

ఆ కాలపు భారతీయ ఛాయాచిత్రకారులలో అగ్రగణ్యుడు లాలా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించెను; రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివెను; 1886లో సికింద్రాబాదున స్టూడియో పెట్టెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున కొలువు సంపాదించి, 1894లో 'రాజా ముసవ్విర్ జంగ్' అను బిరుదమును పొందెను. ఘోషా స్త్రీలకై 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా జనానా స్టూడియోను తెరచి, అందు స్త్రీనే నియమించెను. 1905లో కీర్తిశేషుడయ్యెను. ఆయన కాగితపు ప్రతులలో కొన్ని వెలసియుండవచ్చును. కాని మూలములగు గాజు పలకలు నశింపలేదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 2,857 గాజు నెగెటివులను సంపాదించి భద్రపరచిరి. ప్రతి చెడినను మూలమున్నచో మరల అచ్చువేసికొనవచ్చును. విత్తనము దాచుకొనిన రైతునకు ఒక పంట పోయినను బ్రతుకు పోదు.

వెండి చెడునదైనచో వెండియే లేని బొమ్మను చేయరాదా యని కొందరు యోచించిరి. 1864లో జోసెఫ్ స్వాన్ అను ఆంగ్లేయుడు మసితో బొమ్మను వేయు పద్ధతిని వ్యాపారమునకు తగునట్లు సిద్ధపరచెను. మసికి ఎండయు గాలియు శత్రువులు కావు. ఈ రహస్యము మనకు క్రొత్త కాదు. మన పూర్వులు గంటముతో తాటాకుమీద వ్రాసి, ఆ గీతలలో దీపపు మసిని రుద్దిరి. ఆకు పురుగుపట్టి పోయినదేమో గాని అక్షరపు నలుపు వెలసిపోలేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికి రావలసియున్నది. అయితే మసి బొమ్మ శ్రమతో కూడినది. 1893లో బేక్‌లండ్ అను రసాయనజ్ఞుడు 'వెలాక్స్' అను కాగితమును తెచ్చెను. దీపపు వెలుతురుననే బొమ్మను అచ్చువేయవచ్చును. సూర్యుని కొఱకు కనిపెట్టుకొని యుండనక్కరలేదు. ఆ జాతి కాగితములే తరువాత మన ఊళ్లలోని స్టూడియోలలో చీకటిగదులకు చేరినవి.

మా తాతగారి 1936 నాటి బొమ్మ అట్టి బ్రోమైడు కాగితముమీదిది. దానిని తీసిన ఫోటోగ్రాఫరు ఎవరో నాకు తెలియదు. కాని అతడు నీటికి వెనుదీయలేదని ఆ బొమ్మయే చెప్పుచున్నది. కుళాయి లేని ఊరిలో బావినుండి చేదలతో నీరు తోడించి, గంటసేపు కడిగియుండును. నాటి దినమున మా తాతగారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

1978 నాటి నా పెండ్లి ఫోటో సంగతి వేరు. 1942లో అమెరికాలో కొడాకలర్ అను రంగుల నెగెటివు ఫిల్ములును, వానినుండి తీయు కాగితపు బొమ్మలును అమ్మకమునకు వచ్చెను. ఈ పద్ధతిలో బొమ్మ కడిగి తీయునప్పటికి వెండి యంతయు పోవును. మిగులునవి పసుపు, గులాబి, నీలి రంగులు మూడు. ఇవి బట్టల కద్దు రంగులవంటివి. ఎండలో ఆరవేసిన కొలది చీర వెలయును గదా! అంతకంటె వింత యేమనగా, ఆ కాలపు కాగితములలో నీలి రంగు పెట్టెలోని చీకటిలో నున్నను నశించుచుండెను. నీలి పోయినచో మిగులునది ఎఱుపు. నా యింటి గోడమీది యెఱుపునకు కారణమిదియే. తప్పు ఫోటోగ్రాఫరుది కాదు. కడిగిన పనివానిది కాదు. ఆ రంగు స్వభావమే అట్టిది. 1980ల నుండి ఈ రంగుల కాగితములు చాలవరకు బాగుపడినవి.

తరువాత గణనయంత్రముల కాలము వచ్చెను. 1991లో గాయకుడగు గ్రాహం నాష్ అమెరికాలో ఒక ముద్రణశాలను తెరచి, సిరాను సన్నని తుంపరగా కాగితముపై చిమ్ము యంత్రముతో కళాఖండములవంటి ఫోటోలను అచ్చువేయించెను. అవి చూపునకు అద్భుతములు. కాని ఆ తొలి సిరాలు కొద్ది సంవత్సరములకే వెలసిపోయెడివి. రెడింగు కథ మరల జరిగినదన్నమాట. 2000లో ఎప్సన్ కంపెనీవారు 2000పి అను యంత్రముతో కరుగని రేణువుల సిరాను చిన్న వ్యాపారుల అందుబాటులోనికి తెచ్చిరి. అదే కాలమున నీటిలో కరుగు రంగుల సిరాతో వేసిన కొన్ని బొమ్మలు, గాలిలోని ఓజోను తగిలి, కొన్ని వారములలోనే నారింజవన్నెకు తిరిగినవి. కరుగు రంగునకును రేణువునకును గల భేదమును మీరెఱుగుదురు. మొదటిది బట్టకు వేసిన రంగు. రెండవది గోడకు పూసిన జాజు. రేణువుల సిరాలలో నలుపునకు నేటికిని వాడునది మసియే. తాటాకు నాటి రహస్యము నూతన యంత్రములోనికి మరల వచ్చినది.

ఇంతవరకు విని కుఱ్ఱవాడు, "చరిత్ర బాగానే ఉంది తాతయ్యా, నన్నేం కొనమంటావు?" అనెను. న్యాయమైన ప్రశ్నయే. చరిత్రనుండి నాకు తోచిన నాలుగు మాటలు వానికి చెప్పితిని.

మొదటి మాట: కంపెనీవారు నూరేండ్లు, రెండు వందల యేండ్లు అని చెప్పు లెక్కలను అడుగు వరకు చదువుము. ఎవరును నూరేండ్లు కాచుకొని చూడలేదు. తీవ్రమైన వెలుగులో కొన్ని నెలలుంచి గుణించిన లెక్కలవి. ఈ పరీక్షలలో పేరుపడిన హెన్రీ విల్‌హెల్మ్ పరిశోధనశాలవారు బొమ్మ అద్దము వెనుక నుండి, దినమునకు 12 గంటలు 450 లక్సుల వెలుగులో, 24 డిగ్రీల వేడిమిలో నున్నట్లు ఎంచుకొనిరి. మరియొక కంపెనీవారు 120 లక్సులనే యెంచుకొనిరి. వెలుగు తక్కువగా ఎంచినచో ఏండ్లు తమంతట పెరుగును. మన వసారాలోని యెండయు, వైశాఖమాసపు వేడియు ఈ రెండు లెక్కలలోను లేవు.

రెండవ మాట: పనినిబట్టి యంత్రము. రోజుకు వచ్చు బేరములో అధికభాగము పాస్‌పోర్టు ఫోటోలు, చిన్న బొమ్మలు. వానికి, రంగుల రిబ్బనును వేడిచేసి కాగితమునకు ఎక్కించు యంత్రము అనుకూలము. సిరా ఎండిపోవుట లేదు. పైని పారదర్శకమైన పొర పడుటచే తడి తగిలినను చెదరదు. ఒక రిబ్బనునకు ఇన్ని బొమ్మలని ముందే తెలియును గనుక ధరను ఆ సంఖ్యచే భాగించినచో ఒక్కొక్క బొమ్మ ఖర్చు తేలును. సిరా చిమ్ము యంత్రము పెద్ద బొమ్మలకు మేలు; కాని పనిలేక నాలుగు దినములు ఊరకున్నచో దాని సన్నని రంధ్రములు పూడుకొనును. మన వేడికిని దుమ్మునకును అది మఱింత సత్యము. దున్నని ఎద్దునకు మేత దండుగ; వాడని యంత్రమునకు సిరా దండుగ.

మూడవ మాట: బాగుచేయువాడు ఎంత దూరమున నున్నాడో చూచుకొనుము. పెండ్లి ముహూర్తము యంత్రము కొఱకు ఆగదు. రిబ్బనును, కాగితమును, సిరాయును జిల్లా కేంద్రములో దొరకనిచో, ఎంత గొప్ప యంత్రమైనను బొమ్మల కొలువే. పేరులేని చౌకసిరాను పోసినచో పరీక్షలలోని యేండ్ల లెక్క దానికి వర్తింపదు.

నాలుగవ మాట: మూలమును దాచుము. దీన్‌దయాళ్ గాజు పలకలవలె, తీసిన ప్రతి ఫోటోను రెండు చోట్ల భద్రపరచుము. పదునైదేండ్లకు ఒకడు వచ్చి, "మా అమ్మ ఫోటో ఇంకొకటి వేసిపెట్టండి" అని యడిగినప్పుడు లేదనవలసిన అవస్థ రాకూడదు.

ఆ పైని మేమిద్దరము ఒక చిన్న పరీక్ష చేసితిమి. వాడు నాలుగు రకముల యంత్రములమీద ఒకే బొమ్మను అచ్చువేయించి తెచ్చెను. ప్రతిదానిలో సగమును నల్లకాగితముతో కప్పి, మా వసారాలో ఎండ తగులుచోట మూడు నెలలు వ్రేలాడదీసితిమి. కప్పు తీసిన దినమున ఒక బొమ్మలో రెండు సగములకును నడుమ గీత గీసినట్లు భేదము కనబడెను. దానిని అచ్చువేసిన యంత్రమే దుకాణములో అన్నిటికంటె మెఱుగుగా కనబడినది! ఆ గీతను చూచి కుఱ్ఱవాడు చాలసేపు మాటాడలేదు.

చివరకు వాడు చేసినదిది. దినవెచ్చపు పనికి వేడి రిబ్బను యంత్రమునొకదానిని కొనెను. గోడకెక్కించు పెద్ద పటములను, చేతిలో డబ్బు నిలుచువరకు, పట్టణములో వెండి కాగితముమీద అచ్చువేయు ల్యాబునకు పంపుచున్నాడు. లాభము కొంత తగ్గును. కాని ఏ బొమ్మ ఏ రకమైనదో కొనువారికి వాడే చెప్పుచున్నాడు.

పెద్దలారా! ఇందు మన వంతు పనియు కొంత కలదు. మన యిండ్లలోని పాత పటములు అద్దమునకు అంటుకొనకుండ నడుమ అట్టముక్క నుంచుడు. ఎండ పడు గోడనుండి మార్పించుడు. వెలయుచున్న వానికి ఇప్పుడే నకళ్లు తీయించుడు. బొమ్మలోనివారి పేర్లును సంవత్సరమును వెనుకవైపున మెత్తని పెన్సిలుతో మెల్లగా వ్రాసియుంచుడు. పేరు తెలిసినవారము మనమే గదా!

నా పెండ్లి ఫోటో వెనుకను నేను వ్రాసితిని. సంవత్సరము, ఊరు, ఇద్దరి పేర్లు. ఆ క్రింద ఇంకొక మాట: చీర ఆకుపచ్చనిది.